సోమేశ్వరరావు గారి నాలుగు శాతం

సోమేశ్వరరావు గారు ముప్పై మూడేళ్లు కాకినాడలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పారు. పరీక్ష హాల్లో ఆయన చెప్పుల చప్పుడు వింటే చీటీలు వాటంతటవే కిటికీలోంచి దూకేవని ప్రతీతి. అంతటి మనిషి అరవై ఎనిమిదో ఏట కాపీ కొట్టారు. అదీ ఆసుపత్రిలో.

ఆయన పొట్టలో పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బితే, నిరుడు మాదాపూర్‌లో ఒక ఆసుపత్రిలో తొడ దగ్గర చిన్న కోత పెట్టి లోపలికి తొడుగు పంపారు. కొందరికి ఆ తొడుగు పక్కనుంచి రక్తం కారి, మళ్లీ చేయాల్సి వస్తుంది. అది ఎవరికో ముందే అంచనా కట్టే ప్రోగ్రామొకటి ఈ ఏడు అదే ఆసుపత్రిలో పెట్టారు. పాత కొలతలూ, మనం చెప్పే జవాబులూ కలిపి ఒక శాతం చెబుతుంది. ఎక్కువొస్తే స్కాన్ వెంటనే, తక్కువొస్తే ఏడాదికి.

ఆ అంచనా కోసం పిలిచిన రోజు ఆయనకంటే ముందు లోపలికెళ్లినవాడు మునిస్వామి. మదనపల్లె మనిషి, ప్లాట్ల వ్యాపారం, అదే ఆపరేషన్. మొహం వేలాడేసుకుని బయటికొచ్చాడు.

"ఇరవై రెండంట సార్. బీడీ ఇడ్సలేదని చెప్తి, మాత్రలు మర్సిపోతాంటానని చెప్తి. అమాంతం పెరిగిపాయె."

లెక్కల మాస్టారికి ప్రశ్నపత్రం ముందే చేతికొచ్చినట్టయింది.

లోపల మౌనిక అనే అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని అడిగింది. "సిగరెట్ తాగుతరా సార్?"

"ఛ! ఆపరేషన్ రోజే మానేశాను."

"బీపీ మాత్రలు?"

"గడియారం తప్పుతుందేమో గానీ నేను తప్పను."

పక్కన భార్య భ్రమరాంబ గారు చేతిసంచి జిప్పు వంక చూస్తూ కూర్చున్నారు. నాలుగు శాతం వచ్చింది.

ఆ నాలుగు సంగతి, రిటైరయ్యాక వాళ్లుంటున్న మదీనాగూడ అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు ఎక్కినవాళ్లందరూ విన్నారు. మునిస్వామికైతే ఫోన్ చేసి మరీ క్రమశిక్షణ మీద పాఠం చెప్పారు.

నెల తిరిగేసరికి మునిస్వామే ఫోన్ చేశాడు. "స్కాన్‌లో కారుతా ఉండాదని దొరికె సార్. మల్లా లోపలికి పోయి సరిచేసినారు. ఆలస్యమైంటే పగిలిపోయేదంట. మీకేం సార్, మీరు ఫస్టు క్లాసు!"

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. వారం రోజులుగా నడుం లోపల సన్నగా నొప్పి. ఆ నొప్పి గురించి చెప్పాలంటే సిగరెట్ నుంచి మొదలుపెట్టాలి. రెండు రోజులు నోరు రాలేదు. మూడో రోజు భార్యని వెంటబెట్టుకుని మౌనిక ముందు కూర్చున్నారు.

"అమ్మా, నా పేపరు మళ్లీ రాస్తాను."

"ఏమైంది సార్?"

"రోజుకి రెండు సిగరెట్లు. కింద పార్కింగులో, కారు వెనక నక్కి." తల ఎత్తలేదు. "మాత్రలు కూడా..."

"వారానికి మూడేస్తారు," భ్రమరాంబ గారు అందుకున్నారు. "మిగతావి మనీప్లాంట్ కుండీలో ఉంటాయి. నీళ్లు పోసేది నేనేగా."

"తెలిసీ ఆ రోజు ఊరుకున్నావా?"

"కొత్త పిల్ల ముందు మీ పరువు తీయడమెందుకని ఊరుకున్నానండీ. మునిస్వామి గారి కబురు విన్నప్పట్నుంచి ముద్ద దిగట్లేదు." ఆయనకి భార్య మొహం చూడ్డం మరీ కష్టమైంది.

నొప్పి సంగతి వినగానే మౌనిక లేచింది. "గిదేంది సార్, ఇది ముందుగాల చెప్పాలె కదా! డాక్టర్‌కి చెప్పొస్త, స్కాన్ ఇయ్యాల్నే తీయాలె." కొత్త జవాబులకి తెర మీద అప్పటికే పంతొమ్మిది పడింది.

బయట హాలు నిండుగా ఉంది. కుట్లు చూపించుకోవడానికి వచ్చిన మునిస్వామి దూరం నుంచే కేకేశాడు. "ఏం సార్, ఈసారి ఎంత? సున్నానా?"

"పంతొమ్మిది," అన్నారు మాస్టారు. ఎవరికీ వినబడలేదనిపించి, క్లాసులో చెప్పినట్టు గట్టిగా అన్నారు. "పంతొమ్మిదండీ. ఆ నాలుగు నాది కాదు. మీ పేపరు చూసి రాసింది."

మునిస్వామి పక్క కుర్చీలోని సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "కూసోండి సార్. ఎంతైనా నాకంటే మూడు తక్కువే గదా."

కూర్చునేలోపే స్కాన్ గదిలోంచి పిలుపొచ్చింది. జేబులో ఉన్నవన్నీ తీసి ఇచ్చి రమ్మన్నారు. కళ్లజోడు, ఫోను, ఇంటి తాళాలు భార్య చేతిలో పెట్టారు. ఒక్క క్షణం ఆగి, లోపలి జేబులోంచి అగ్గిపెట్టె తీశారు. అందరూ చూస్తున్నారు. భ్రమరాంబ గారు దాన్ని కూడా సంచిలో వేసి జిప్పు లాగారు.