అక్క ఇంటికని ఒక తట్ట ఎక్కువ

మంచు కరిగి వీధుల అంచున నల్లటి బురదగా మిగిలిన మార్చి నెలాఖరులో, కెనడాలోని ఎటోబికో నుంచి మా మేనకోడలు నా ఫోనుకి ఒక ఫోటో పంపింది. అందులో మా అక్క ఇంటి ముందుగోడ ఉంది. దాని కింద పచ్చిక మీద, ఎవరో ఎండుమిరపకాయలు ఆరబోసినట్టు, ఎర్రటి ఇటుక పెచ్చులు పడి ఉన్నాయి. గోడ ఉబ్బి పొట్ట వచ్చిందట, రిపేరు కుదరదని కాంట్రాక్టరు చెప్పేశాడట, మొత్తం దించేసి ఫ్యాక్టరీలో చేసిన ప్యానెళ్ళు బిగిస్తారట, కానీ అమ్మ సంతకం పెట్టనంటోందట, నేను చెబితే వింటుందట. దగ్గర్లోనే ఉన్న బ్రాంప్టన్‌లో మా వంటింట్లో నిలబడి ఆ ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి చూశాను. ఇటుకలు వేలెడు లోతు లోపలికి తినేసుకుపోయాయి. వాటి మధ్య సందుల్లో ముప్ఫై అయిదేళ్ళ కింద నేను పూసిన సిమెంటు మాత్రం, నా తాపీ ఒత్తిన గీతతో సహా, ఎక్కడా చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. పనివాడన్నవాడు గర్వపడాల్సిన పని అది, నేను మాత్రం కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

మాది తెనాలి పక్కన తాపీ పనివాళ్ళ కుటుంబం. మా తాతది గానుగ సున్నం కాలం, మా నాన్నది సిమెంటు కాలం. సిమెంటు గోడకి ఊపిరాడనివ్వదని తాత సణిగేవాడు, నాన్న నవ్వి ఊరుకునేవాడు. నాన్నకి ఒక అలవాటుండేది, మా ఈడు వాళ్ళు చాలామంది ఇళ్ళలో చూసే ఉంటారు: అయినవాళ్ళ ఇల్లు కట్టేటప్పుడు ఇసుకా సిమెంటూ కలిపే మాలులో ఒక తట్ట సిమెంటు ఎక్కువ వేయించేవాడు. ఇంటివాళ్ళు అడగనూ అడగరు, నాన్న చెప్పనూ చెప్పడు. పెళ్ళిలో కావలసినవాళ్ళ విస్తట్లో అడక్కుండా ఇంకో గరిటె నెయ్యి పడుతుంది చూడండి, అదీ ఆ లెక్కే. నేనూ అక్కా ఆ తట్టలు లెక్కపెట్టి, ఫలానా వాళ్ళంటే నాన్నకి ఎంత ప్రేమో తేల్చుకుని నవ్వుకునేవాళ్ళం.

బావగారు పేపర్లు పెట్టి నన్ను కెనడా రప్పించినప్పుడు నాకు ముప్ఫై మూడేళ్ళు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక తిరిగొచ్చిన సైనికుల కోసం కట్టిన ఇళ్ళట ఆ వీధిలోవి, అన్నీ ఒకే అచ్చు, చిన్న చిన్న ఎర్ర ఇటుక ఇళ్ళు. అందులో ఒకటి కొనుక్కుని బావగారు ఫ్యాక్టరీ షిఫ్టులకు వెళ్ళివస్తుండేవారు. నేను వాళ్ళ బేస్‌మెంటులో ఉంటూ, పదిహేనేళ్ళు గోడలు కట్టినవాణ్ణి కాస్తా, కనపడ్డ ప్రతివాడూ కెనడా ఎక్స్‌పీరియన్స్ ఉందా అని అడుగుతుంటే పని దొరక్క, అక్క పెట్టింది తిని కూర్చునేవాణ్ణి. తిన్న అన్నం ఒంటికి పట్టేది కాదు. ఆ స్థితిలో ఒకరోజు ముందుగోడ ఇటుకల సందుల్లో వేలు పెడితే పాత పూత ఇసుకలా రాలింది. బావగారు ఎవరినో పిలిపిద్దామంటే నాకు రోషం వచ్చింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, ఇంట్లో మేస్త్రీని పెట్టుకుని బయటివాణ్ణి పిలవడమేమిటన్నాను.

అక్టోబరు నెల. ఆరు రోజులు పట్టింది. పాత పూత ఉలి ఆనించీ ఆనించకముందే తెల్లగా పొడిపొడిగా ఊడొస్తుంటే, ఇంత పెద్ద దేశం వాళ్ళకి గట్టి మాలు కలపడం రాలేదా అని నవ్వుకున్నాను. సామాన్ల కొట్టువాడు సున్నం బస్తా కూడా తీసుకెళ్ళమని రెండుసార్లు చెప్పాడు. అమ్ముకునే తెలివిలే అనుకుని వదిలేశాను. ఇసుకా సిమెంటూ మూడుకొకటి కలిపాను, ఆపైన అక్క ఇల్లు కదా అని నాన్నని తలుచుకుని ఒక తట్ట ఎక్కువ వేశాను. మెట్ల మీద నిలబడి చూస్తున్న అక్క తట్టలు లెక్కపెట్టుకుంది కాబోలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

సిమెంటు పని అయ్యాక వారం రోజులు నీళ్ళు పట్టాలని మేస్త్రీ కూతురికి ఎవరూ చెప్పనక్కర్లేదు. చీర మీద బావగారి కోటు తొడుక్కుని, కాళ్ళకి రబ్బరు బూట్లేసుకుని, పొద్దునా సాయంత్రమూ పైపు పట్టుకుని అక్క ఆ గోడని తడిపేది. ఎదురింటి ముసలామె పరదా తీసి మరీ చూసేది, ఇటుకలకు నీళ్ళు పోస్తే మొలుస్తాయనుకుంటున్నారేమో వీళ్ళు అని అనుకుని ఉంటుంది. అయిదో రోజు పొద్దున్నే అక్క కేకేస్తే బేస్‌మెంటు మెట్లెక్కి పరుగెత్తాను. నీళ్ళు గడ్డకట్టి గోడంతా సన్నటి గాజుపొర కట్టి ఎండకి తళతళలాడుతోంది. ఎంత బాగుందో చూడరా అంది. నిజంగానే బాగుంది. అక్కాతమ్ముళ్ళం ఇద్దరం చలిలో నిలబడి, ఆనందంగా, తెలివితక్కువగా, దాన్ని చూస్తూ ఉండిపోయాం.

మరుసటి వసంతంలో మొదటి పెచ్చులు రాలాయి. మినప్పప్పు నానబెట్టినట్టు ఇటుకల్ని నానబెట్టింది మీ అక్క, మంచుకి పగిలిపోయాయి అని బావగారు హాస్యమాడారు. ఆయన మనిషి మంచివారే, నోటికొచ్చిన హాస్యాన్ని మాత్రం ఆపుకునేవారు కాదు. వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పేవారు. అక్క నవ్వేది కాదు. నేను కూడా అప్పుడు తప్పు నీళ్ళదే అనుకున్నాను, ఆ మాట దాచుకోను.

ఈలోగా నాకు ఒక ఇటాలియన్ పెద్దమేస్త్రీ దగ్గర పని దొరికింది. రెండో వసంతంలో ఇంకా ఎక్కువ రాలేసరికి, ఒక ఆదివారం ఆయన్ని బతిమాలి తీసుకొచ్చి గోడ చూపించాను. తాపీ పిడితో నాలుగుచోట్ల తట్టి, ఏ పాళ్ళలో కలిపావని అడిగాడు. చెప్పాను. సున్నం లేకుండానా అన్నాడు. ఇల్లెవరిదన్నాడు. మా అక్కదన్నాను. కళ్ళు మూసుకుని, అందుకా, అన్నాడు. వాళ్ళ ఊళ్ళోనూ అయినవాళ్ళకి అలాగే కలిపేవారో ఏమో మరి. ఆ తరవాత నెమ్మదిగా వివరించాడు. ఈ చలిదేశంలో పాత మెత్తటి ఇటుక గోడకి సందుల్లో పూత ఇటుక కన్నా బలహీనంగా ఉండాలట. గోడలో చేరిన తడి ఆ పూతలోంచి బయటికి పోతుంది, గడ్డకట్టి పొంగినా పూతే రాలుతుంది, మళ్ళీ పూసుకోవచ్చు. పూత గట్టిదైతే తడికి దారి లేక ఇటుకలోనే నిలిచిపోయి, శీతాకాలానికో పొర చొప్పున ఇటుకని చీలుస్తుంది. అక్క పట్టిన నీళ్ళు ఆ వారంతోనే పోయాయి, నువ్వు వేసిన సిమెంటు మాత్రం ఎప్పటికీ పోదు, అన్నాడు. తీసేస్తానన్నాను. తీయబోతే ఇటుక అంచులు విరిగి దాంతోపాటే వస్తాయట. తీస్తే ఇటుక పోతుంది, తీయకపోయినా పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ సాయంత్రమే అక్కకి చెప్పాల్సింది. లోపలికి వెళ్ళేసరికి బావగారు ఎవరో స్నేహితుడికి, మా బావమరిది పెద్ద పనిమంతుడండీ, మీ ఇల్లు కూడా చూపించండి అని నన్ను పరిచయం చేశారు. పరాయి దేశంలో నన్ను ఒకరు పనిమంతుడనడం అదే మొదటిసారి. నోరు విప్పలేకపోయాను. ఆ ఏడు కాకపోతే మరుసటి ఏడు చెబుదామనుకుంటూ ముప్ఫై మూడేళ్ళు గడిపేశాను, ఇందులో నన్ను నేను వెనకేసుకొచ్చేదేమీ లేదు.

ఆ ముప్ఫై మూడేళ్ళూ అక్క ఆ గోడ దగ్గర ఒక పూలకుండీ పెట్టలేదు, నీళ్ళు చిందుతాయని. శీతాకాలంలో గోడకి ఆనుకుని మంచు పేరుకుంటే, డెబ్భై దాటాక కూడా పార పట్టుకుని తనే దూరంగా లాగేసేది. వసంతంలో రాలిన పెచ్చుల్ని బావగారు షిఫ్టు నుంచి వచ్చేలోగా ఊడ్చి సంచిలో కట్టేసేది. నేను ఏ వేసవికావేసవి, పాతగోడలు దించినచోట ఏరుకొచ్చిన ఇటుకలు పదీ పన్నెండూ సున్నం కలిపిన మాలుతో మార్చేవాణ్ణి. తరవాత తరవాత ఆ ఇటుకలు దొరకడం మానేశాయి, బావగారు పోయారు, నా మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వడం మానేశాయి.

ఫోటో వచ్చిన మూడోనాడు వెళ్ళాను. మేనకోడలు గుమ్మంలోనే, "మామయ్యా, ప్లీజ్ టాక్ టు హర్, శాడ్‌గా కూర్చుని ఏం తినట్లేదు" అంది. ఎనభై ఏళ్ళ అక్క కిటికీ పక్కన కుర్చీలో ఉంది. ఎందుకు ఒప్పుకోవని అడిగితే, తమ్ముడు చేసిన పనిని తన చేతులారా పాడు చేసుకుంది చాలక, తను బతికుండగానే దాన్ని దించి రోడ్డు మీద పోయిస్తే చూడలేనంది. చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఆమె కాళ్ళ దగ్గర స్టూలు వేసుకుని మొత్తం చెప్పాను, కొట్టువాడి సున్నం బస్తా, మూడుకొకటి, ఎక్కువ వేసిన తట్ట, పెద్దమేస్త్రీ మాట, నేను దాచిన సంగతి, ఒక్కటీ వదల్లేదు. నీళ్ళ తప్పు లేదక్కా, నాదే, అన్నాను. చివరికి వచ్చేసరికి ఏడుపు ఆగలేదు.

అక్క అంతా విని, చేతికర్ర తీసుకుని, కోటేసుకుని బయటికి నడిచింది. పెచ్చుల మీద జాగ్రత్తగా అడుగేస్తూ గోడ దగ్గరికి వెళ్ళి, నేను పూసిన సిమెంటు గీత మీద ఈ చివర నుంచి ఆ చివరకి వేలితో రాసి చూసింది.

"ఊరుకోరా. నా మనసు కష్టపెట్టుకుంటానని నీ మీదేసుకుంటున్నావు, నాకు తెలియదా? నువ్వు పూసింది ఒక్క పిసరు ఊడిందా చూడు. పోయినవన్నీ నేను తడిపిన ఇటుకలేగా."

మళ్ళీ చెప్పాను. సిమెంటు ఊడకపోవడమే తప్పక్కా అన్నాను. మేనకోడలి చేత కూడా చెప్పించాను. చిన్నప్పుడు నేను దెబ్బ తగల్లేదని అబద్ధమాడితే చూసినట్టే అక్క నన్ను చూసి, నా కన్నీళ్ళు కొంగుతో తుడిచి, ఇంత మంచి తమ్ముడు ఎవరికుంటాడని కూతురితో అంది. ఆ సంతోషంలోనే సంతకం పెట్టింది.

ఏప్రిల్‌లో గోడ దించారు. ఇటుకలు చేతికే రాలాయట, సిమెంటు పగలగొట్టడానికి మాత్రం రెండు పూటలు మెషిన్ పెట్టాల్సి వచ్చిందట. ఇప్పుడక్కడ లేతబూడిద రంగు ప్యానెళ్ళు ఉన్నాయి. ఇద్దరు మనుషులొచ్చి ఒక్కరోజులో బిగించి వెళ్ళారు. ఇల్లు అయినవాళ్ళదైనా కానివాళ్ళదైనా అవే స్క్రూలు, ఒకటి ఎక్కువ పట్టదు, తక్కువ పట్టదు. వానకీ మంచుకీ వాటికేమీ కాదంటున్నారు, మంచిదే. ఎవరింటికి ఎంత కలిపారో లెక్కపెట్టుకుని నవ్వుకునే పిల్లలు ఇక ఉండరు, అదీ మంచిదేనేమో నాకు తెలియదు.

పనివాళ్ళని అడిగి తీసుకుని ఆ సిమెంటు ముక్క ఒకటి, అరచేతి వెడల్పుది, అక్క కిటికీ గట్టు మీద పెట్టుకుంది. తాపీ గీత ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది. ఇంటికి ఎవరొచ్చినా అది వాళ్ళ చేతిలో పెట్టి మా తమ్ముడి పని అని చూపిస్తోందట. కిందటి ఆదివారం నేను వెళ్ళినప్పుడు నా చేతిలోనూ పెట్టింది, ఎంత గట్టిగా ఉందో చూడరా అంటూ. గట్టిగానే ఉందక్కా, అన్నాను.