గోలు కొట్టింది మనవాడే

ఆ కాలంలో సంగారెడ్డిలో ఫుట్‌బాల్ అంటే ఉత్త కాళ్లతో ఆడే ఆట. బూట్లు వేసుకుని కూడా ఆడతారని మాకు వినికిడి మాత్రమే ఉండేది, సముద్రం ఉప్పగా ఉంటుందని విన్నట్టు. నా ఈడు వాళ్లు ఇద్దరు కలిస్తే చాలు, ఎంత ప్రేమగా ఆడేవాళ్లమో, ఎంత అన్నదమ్ముల్లా ఉండేవాళ్లమో చెప్పుకుని కళ్లు తుడుచుకుంటారు. తుడుచుకోనివ్వండి. నాకు మాత్రం ఆ రోజులు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అంతా చెప్పేస్తే కొంచెమైనా చల్లారుతుందేమోనని ఇది రాస్తున్నాను.

నేను మా హైస్కూలు టీములో గోలీని, అంటే గోలు కాసేవాణ్ణి. మా డ్రిల్ సారు నాకు దర్వాజ అని పేరు పెట్టారు. (తెరిచి ఉన్న దర్వాజానా, మూసి ఉన్న దర్వాజానా అన్నది ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.) మా సెంటర్ ఫార్వర్డు బజారులో బట్టలు కుట్టే దర్జీ చాచా కొడుకు. సన్నగా, పొడుగ్గా ఉండి, గాలి ఎటు కొడితే అటు వాలిపోయేవాడు కనుక వాడి పేరు పతంగి. వాడూ నేనూ ఒకే కంచంలో తిన్నవాళ్లం. సాయంత్రం అందరూ ఇళ్లకు పోయాక, బంతి కనిపించినంత సేపు వాడు కొట్టడం, నేను ఆపడం. అలా కొట్టీ కొట్టీ నా గుట్టు ఒకటి కనిపెట్టాడు. చిన్నప్పుడు గోడ మీంచి పడి ఎడమ భుజం విరగ్గొట్టుకున్నాను, అందుకని ఎడమవైపు దూకాలంటే నాకు భయం. ఎటు బంతి వచ్చినా కుడివైపే దూకేవాణ్ణి. వాడు ఈ సంగతి డ్రిల్ సారుకు కూడా చెప్పలేదు. ఏ కారణమూ చెప్పకుండా ఒక బ్యాకును తీసుకెళ్లి నా ఎడమవైపు నిలబెట్టేవాడు. స్నేహితుడంటే అలా ఉండాలని అప్పట్లో పొంగిపోయేవాణ్ణి.

ఇక అసలు దొంగల సంగతి. పట్నంలో ఒక పెద్ద కాలేజీ ఉండేది. దానికే అనుబంధంగా హైస్కూలు తరగతులు కూడా ఉండేవి. దాని పేరు రాయను, రాస్తే నాకు రక్తపోటు పెరుగుతుంది. ఏటా టోర్నమెంటులో కప్పు వాళ్లదే. ఎందుకు కాదు? నారు పోసింది వాళ్లు కాదు, నీరు పోసింది వాళ్లు కాదు, కోతకు మాత్రం కొడవలి పట్టుకుని వచ్చేవారు. వాళ్ల ఆటల సారు ప్రతి ఏడూ జిల్లాలు తిరిగేవాడు. నెత్తిన టోపీ, మెడలో ఈల, చేతిలో కిత్తనార సంచి. ఆ సంచిలో ఆరేడు జతల బూట్లు. మైదానం అంచున నిలబడి ఆట చూసి, నచ్చిన పిల్లవాణ్ణి పక్కకు పిలిచి సంచి మూతి విప్పేవాడు. అంతే. నాలుగు రోజుల్లో ఆ పిల్లవాడు ఆఫీసు గుమాస్తా ముందు నిలబడి టీసీ అడుగుతుండేవాడు. టీసీ ఆపలేరా అని మా డ్రిల్ సారు హెడ్మాస్టరును బతిమాలితే, పట్నం పోయి చదువుకుంటానంటే ఆపడానికి నేనెవర్నని ఆయన అన్నారట. చదువట! వాళ్లు తీసుకుపోయిన మా హాఫ్‌బ్యాకు తన పేరులో ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియక ఏడో తరగతి రెండేళ్లు చదివాడు.

నా కోపం వాళ్లు గెలిచినందుకు కాదు. గెలుస్తున్నారు కనుక మంచి ఆటగాళ్లు అక్కడికే పోతారు, అక్కడికే పోతున్నారు కనుక మళ్లీ వాళ్లే గెలుస్తారు. మేమేమో ప్రతి ఏడూ బంతిని బొటనవేలితో తన్నే పిల్లల్ని పోగేసి అఆలు మొదలుపెట్టాలి. వాడికి ఆట వచ్చేసరికి సంచి రావాలి. మరి మిగతావాళ్లం ఎందుకున్నట్టు, గోలు కర్రలు పాతడానికా? రెండేళ్లలో ఇద్దరు హాఫ్‌బ్యాకులు పోయారు. మూడో ఏడు పతంగి.

పోయే రోజు వాడు బస్సు దగ్గర నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను విదిలించాను. "గుస్స జెయ్యకు దర్వాజ," అన్నాడు. "ఆడ హాస్టల్ల మూడు పూటల తిండి వెడ్తరంట. ఇంట్ల ఒక్కని బువ్వ తగ్గితె అబ్బాకు జెర అల్కగైతది. నువ్వు గూడ రారాదు?"

"నేను రాను. నేను అమ్ముడువోయేటోణ్ణి గాదు," అన్నాను. కాలేజీ వాళ్లెవరూ నన్ను రమ్మనలేదన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

నిజానికి, మొదటి హాఫ్‌బ్యాకు పోయిన రోజు నుంచే నేను నా జవాబు తయారు చేసుకుంటున్నాను. ఇవాళ కాకపోతే రేపు సంచి నా దగ్గరికీ వస్తుంది కదా, వచ్చినప్పుడు తడుముకోకూడదు కదా. "అయ్యా, మీ బూట్లు మీ దగ్గరే ఉంచుకోండి. ఈ కాళ్లకు ఆట నేర్పింది ఈ మట్టి. దీన్ని వదిలి మీ వెంట వస్తే నా నీడ కూడా నన్ను నమ్మదు." ఇంకా చాలా ఉంది, మధ్యలో ఒకచోట గొంతు వణకాలి. రోజూ పాలు పితికే వేళకు మా బర్రె ముందు నిలబడి మొత్తం ఒప్పజెప్పేవాణ్ణి. నీడ దగ్గరికి వచ్చేసరికి అది నెమరు ఆపి నా వైపు చూసేది. ఉపన్యాసం పండిందని అదే నాకు గుర్తు.

పతంగి పోయాక నన్ను కెప్టెన్‌ను చేశారు. ఫార్వర్డు లేని టీముకు కెప్టెన్‌నై ఏం చేయను? అప్పుడు డ్రిల్ సారు, పటాన్‌చెరులో ఎడమ కాలితో బంతిని ఎక్కడంటే అక్కడ దింపే కుర్రాడు ఒకడున్నాడని ఎవరి ద్వారానో విన్నారు. ఇద్దరం బస్సెక్కాం. ఇప్పుడు కంపెనీల గోడలు కనిపించే దారంతా అప్పుడు జొన్నచేలు, తుమ్మ చెట్లు. అక్కడి బడిలో ఎనిమిది దాకే ఉండేది. కుర్రాడు ఎనిమిదిలో ఉన్నాడు. ఇవాళ కాకపోతే వచ్చే ఏడు మా స్కూలుకే వస్తాడు కదా అని మాకు మేం సర్ది చెప్పుకున్నాం. కాని వాడి టీముకు టోర్నమెంటులో మొదటి ఆట వారం రోజుల్లో ఉందని మాకు తెలుసు. హాస్టలులో చోటిప్పిస్తామన్నాం, మా స్కూల్లో తొమ్మిదిలో కూర్చోబెడతామన్నాం. (అర్ధపరీక్షలు కూడా కాకుండా తొమ్మిదిలో ఎలా కూర్చోబెట్టారో డ్రిల్ సారుకూ హెడ్మాస్టరుకూ తెలియాలి. చదువు కోసం వస్తానంటే ఆపడానికి ఆయనెవరు!) ఆ బడిలో తెలుగు చెప్పే పంతులే ఆట కూడా నేర్పేవాడు. ఆయన మమ్మల్ని చెట్టు కింద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. మేం చెప్పిందంతా విని, కుర్రాడి వైపు చూసి, "తీస్కపోండ్రి సారూ," అన్నాడు. "తాడి దన్నెటోనికి తల దన్నెటోడు ఉంటడు. మాకు మీరున్నరు. మీకింకొకడుంటడు."

తిరుగు బస్సులో నేను ఆ మాట గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పట్నం వాళ్లు చేస్తే ఎత్తుకుపోవడం, మేం చేస్తే పైకి తీసుకురావడం. ఆ ఏడు పటాన్‌చెరు బడి టోర్నమెంటుకు రానేలేదు. వాళ్లకు పట్టుదల లేదని నేను నలుగురి ముందూ అన్నాను కూడా. ఇది రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

ఎడమకాలోడు నిజంగా బంగారం. వాడి పుణ్యాన రెండు ఆటలు గెలిచాం. మూడో ఆట పట్నం కాలేజీతో, అదీ మా ఊరి మైదానంలోనే పడింది. ఆ వారం నాకు అన్నం సహించలేదు. ఈ ఒక్క ఆట గెలిస్తే, వదిలి పోకుండా ఉన్నవాళ్లు కూడా మొనగాళ్లేనని ఊరికి తెలుస్తుంది, బూట్ల సంచికి సిగ్గొచ్చి మళ్లీ మా బస్సెక్కదు అని నా నమ్మకం. ఊరంతా వచ్చింది. దర్జీ చాచా కత్తెర పక్కన పెట్టి వచ్చాడు. మా పెద్దబాపు, అంటే మా నాన్న వాళ్లన్న, ముందు వరసలో మోడా వేసుకుని కూర్చున్నాడు. వాళ్ల టీము బూట్లు టకటకలాడించుకుంటూ దిగింది. అందులో ముగ్గురు మావాళ్లు. పతంగి నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేను ఆకాశంలోకి చూశాను.

పది నిమిషాలు కాకుండానే పతంగి నా మీదికి వచ్చాడు. వాడు ఎటు కొడతాడో నాకు తెలుసు, నేను ఎటు దూకుతానో వాడికి తెలుసు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక నేనెంత? నేను కుడివైపు దూకాను, బంతి ఎడమవైపు పోయింది. మట్టిలో ముఖం పెట్టి పడి ఉన్న నాకు అప్పుడు ఒక చప్పుడు వినిపించింది. చప్పట్లు! పట్నం నుంచి వచ్చినవాళ్లు పట్టుమని పదిమంది లేరు. తలెత్తి చూస్తే మా ఊరు మా ఊరంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. మా పెద్దబాపు మోడా మీదికే ఎక్కాడు. నేను గీత దగ్గరికి ఉరికి, పెద్దబాపూ మనకే గోలు పడింది అని చెప్పాను. ఆయన నన్నే తెలివితక్కువ వాణ్ణి చూసినట్టు చూశాడు. "గొట్టింది మనోడే గదరా," అన్నాడు. "మనోడు గొడితె సప్పట్లు గొట్టొద్దా?"

ఇదీ న్యాయం. ఊరు వదిలి పోయినవాడు మనవాడు, ఊళ్లో ఉండి మట్టి కరిచినవాడు ఎవడో దారిన పోయే దానయ్య. ఆ మధ్యాహ్నం అలా అయిదు గోల్స్, అయిదూ మా పిల్లలు కొట్టినవే, అయిదింటికీ మా ఊరి చప్పట్లే. అది చాలదన్నట్టు పతంగి ప్రతి గోలు తర్వాతా వచ్చి, దెబ్బ తగిలిందా అని అడిగి నన్ను లేపేవాడు. నిజంగానే అడిగేవాడు, వెక్కిరింపు కాదు. అదే నాకు మరీ కాలేది. మధ్యలో మా ఎడమకాలోడు పాపం ఒక గోలు వేశాడు. వాడు పటాన్‌చెరు వాడు కదా, చప్పట్లు పలచగా పడ్డాయి.

ఆట ముగిసే ముందు పతంగి మళ్లీ ఒంటరిగా వచ్చాడు. అప్పటికి గెలుపూ ఓటమీ ఏదీ మిగల్లేదు, నాకు ఒళ్లు తెలియని కోపం ఒక్కటే మిగిలింది. కళ్లు మూసుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎడమవైపు దూకాను. బంతి వచ్చి నా పొట్టలో దిగింది. భుజం కలుక్కుమంది కాని బంతిని వదల్లేదు. నా బతుకులో అంత గొప్ప ఆపు నేను ముందూ ఆపలేదు, తర్వాతా ఆపలేదు. దానికి మా ఊరు ఏమన్నదో తెలుసా? "అరెరె" అన్నది. వందల గొంతులు ఒక్కసారి, "అరెరె, జెరల పోయింది గదనే" అని నిట్టూర్చాయి. ఆ మైదానం మొత్తం మీద నవ్వుతూ చప్పట్లు కొట్టినవాడు ఒక్కడే, పతంగి.

ఆట అయిపోయింది. నేను గోలు కర్రకు ఆనుకుని నిలబడి ఉండగా, టోపీ, ఈల, కిత్తనార సంచి మైదానానికి అడ్డంగా నడుచుకుంటూ సూటిగా నా వైపే వచ్చాయి. చేతులు కట్టుకున్నాను. మూడేళ్లుగా బర్రెకు తప్ప ఎవరికీ వినిపించని ఉపన్యాసం నాలుక చివరికి వచ్చి నిలబడింది.

"శబాష్," అన్నాడాయన. "ఆఖరుది మంచిగ ఆపినవ్. నువ్వు కెప్టెన్‌వి గద? ఆ ఎడమకాలి పోరడు ఎన్నో తరగతి?"

నేనేమన్నాను? తొమ్మిది సార్ అన్నాను, వినయంగా. వాణ్ణి జెర పిలువు అన్నాడు, పిలిచాను. వంగి వాడికి బూటు తొడుగుతూ, ఈ సంచి పట్టుకో బాబూ అన్నాడు, పట్టుకున్నాను. అయ్యా మీ బూట్లు మీ దగ్గరే ఉంచుకోండి అనాల్సినవాణ్ణి, ఆ బూట్ల సంచినే రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. వాళ్లిద్దరూ లేసుల పనిలో ఉండగా, ఎవరూ చూడకుండా ఒక బూటు బయటికి తీసి నా పాదం పక్కన పెట్టి చూశాను. సరిగ్గా నా కొలతే. మళ్లీ లోపల పెట్టేశాను.

నాలుగు రోజుల్లో ఎడమకాలోడి టీసీ కూడా పోయింది. అప్పుడు గుర్తొచ్చాడు పటాన్‌చెరు పంతులు. మరుసటి ఏడు మా స్కూలు టోర్నమెంటుకు పోలేదు. పదకొండు మంది దొరక్క కాదు, పోయి ఎవరి చేత కొట్టించుకోవాలో ముందే తెలుసు కనుక. పట్టుదల లేదని మమ్మల్ని ఎవరైనా అనే ఉంటారు.

ఆ ఉపన్యాసం ఇప్పటికీ నాకు పూర్తిగా వచ్చు. గొంతు ఎక్కడ వణకాలో కూడా గుర్తుంది. ఏ పొద్దునైనా అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే దానంతట అదే మొదలవుతుంది, నీడ దగ్గరికి రాగానే నాకు నవ్వొచ్చి ఆగిపోతాను. ఆ బర్రె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ కుర్రాడి మీద కోపం లేదు, జాలే. ఆ రోజు టోపీ ఆయన పొరపాటున వాణ్ణే అడిగి ఉంటే వాడేమనేవాడో నాకంటే బాగా ఎవరికి తెలుసు? బస్సు ఎన్నింటికి సార్ అనేవాడు.