వరికీ రైస్‌కీ మధ్య

మాకు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన టీచరమ్మ పోయిన ఆదివారం ఆళ్లగడ్డలో కన్నుమూశారు. చర్చిలో ప్రార్థనకు కూర్చున్నవాళ్లలో సగం మందిమి ఆమె చేత తిట్లు తిన్నవాళ్లమే.

కొత్త ఇంగ్లీషు మాట వస్తే ఆమె అర్థం చెప్పి ఊరుకునేవారు కాదు. అది ఏ భాషలోంచి ఏ భాషలోకి వచ్చిందో బోర్డు మీద బాణం గుర్తులతో వేసేవారు. మధ్యలో ఒక భాష వదిలేస్తే ఒప్పుకునేవారు కాదు. "దారిలో సిరివెళ్ల తగలకుండా ఈడ నుంచి నంద్యాలకు ఎట్ల పోతావప్పా?" అనేవారు.

మాకందరికీ ఇష్టమైన మాట రైస్. ఇంగ్లీషుకు ఫ్రెంచి నుంచి, దానికి ఇటాలియన్ నుంచి, దానికి లాటిన్ నుంచి, దానికి గ్రీకు నుంచి వచ్చిందని, గ్రీకులకు మాత్రం మన వరి నుంచే పోయిందని చెప్పారు. వరి మళ్ల గట్లమీద నడిచి బడికొచ్చే మాకు ఆ రోజు భూమ్మీద కాళ్లు నిలవలేదు. నేనూ ఇంగ్లీషు మాస్టరునై, నంద్యాలలో మా క్లాసు గోడ మీద ఆ దారంతా రంగులతో రాయించాను. మెచ్చుకుంటారని పోయినేడు ఆమెను పిలిచి చూపించాను.

ఆమె చేతికర్రను వరి దగ్గరున్న బాణం మీద ఆనించారు.

"ఇది చెరిపెయ్ నాయనా."

"మీరు చెప్పిందే కదా టీచర్?"

"నేనే చెప్పినా. గ్రీకు దాకా దారి సరిగ్గుంది. గ్రీకులకు యాడ నుంచి పోయిందో పెద్ద పెద్ద చదువులోల్లే తలా ఒకటి చెప్తాండారు. రిటైరైనాక కుదురుగా చదివితే తెలిసింది. నాకు నచ్చిందని ఖాయం చేసి చెప్పినా. పిల్లోల్లు అడిగితే, మా టీచరమ్మ తప్పు చెప్పిందని చెప్పు."

పిల్లల ముందు నాకు తల కొట్టేసినట్టయింది. కోపం కూడా వచ్చింది. ఎవరొచ్చి చూస్తార్లే అని గోడను అలాగే ఉంచాను. తర్వాత ఆమె రెండుసార్లు ఫోన్ చేశారు. తన ఒంట్లో బాగాలేదన్న ముక్క ఎత్తలేదు. "చెరిపినావా?" అన్నారు. చెరిపేశానని అబద్ధం చెప్పాను.

"మంచి పని చేసినావప్పా. ఇంక నాకు నిమ్మళం."

ఆ నిమ్మళంతోనే పోయారు. తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

మట్టి వేసి వచ్చిన మర్నాడు సున్నం బకెట్టు పట్టుకుని క్లాసుకు వెళ్లి ఆ బాణం మీద పూశాను. అది తప్పని పిల్లలకు చెప్పాను.

"తప్పు ఎవరు చెప్పినారు సార్?" అని ఒక పాప అడిగింది.

టీచరమ్మ చెప్పమన్న జవాబుకు నాకు నోరు రాలేదు. "నేనే" అన్నాను. అదీ నిజమే.

"మరి యాడ నుంచి పోయింది సార్ ఆ మాట?"

"ఖాయంగా ఎవరికీ తెలీదమ్మా."

గ్రీకుకూ వరికీ మధ్య తడి సున్నం సన్నగా కిందికి కారుతోంది. పిల్లలు నోటు పుస్తకాలు తెరిచి, ఏం రాయాలో తోచక దానివైపే చూస్తున్నారు.