వంటింట్లో మూడో తరగతి

బి సెక్షన్ టీచర్ పోయారన్న కబురు నాకు మా అమ్మాయి చెప్పింది. పొద్దున్నే ఫోన్ చేసి, "అమ్మా, మా టీచర్ పోయారట" అంది. ఎవరని అడగక్కర్లేదు. నేనూ దానికి నాలుగో తరగతిలో పాఠం చెప్పినదాన్నే, అయినా అది "మా టీచర్" అనేది ఒక్కరినే. కన్నీళ్ళకంటే ముందు నాకు వచ్చిన ఆలోచన, ఈ కబురు నాకంటే ముందు దానికెందుకు వెళ్ళింది అని. పోయిన మనిషి గురించి రాసేటప్పుడు ఇలాంటివి ఒప్పుకోకూడదేమో. కానీ నా అసూయను దాచిపెట్టి ఆవిడ గురించి నిజం రాయడం నా వల్ల కాదు.

ఎనభైల నడుమ మేము కృష్ణా జిల్లా నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చి అద్దెకు దిగాం. అక్కడి నుంచి ఎల్బీ నగర్ దాకా ఎటు చూసినా ఇసుక కుప్పలు, పునాదులు, సగం లేచిన గోడలు. కాలనీలు ముందు లేచాయి, బడులు వాటి వెనక పరుగెత్తాయి. నాకు ఉద్యోగం దొరికిన బడి కూడా ఒక ఇల్లే. హాల్లో మూడో తరగతి ఎ సెక్షన్, నాది. వంటింట్లో బి సెక్షన్, ఆవిడది. ఆ వంటింటికి తలుపు బిగించలేదు. అక్కడ ఏం జరిగినా నాకు కనిపించేది, వినిపించేది.

ఆవిడది సరూర్‌నగర్. బడి ఉన్న స్థలం ఒకప్పుడు వాళ్ళ మామగారి పొలమే. "మా మామ జొన్నలేసిన జాగ మేడం ఇది. ఇప్పుడు నేను పిల్లల్ని ఏస్తున్న" అని నవ్వేవారు. నాకు ఆ నవ్వు నచ్చేది కాదు. నేను బి.ఎస్సీ., బి.ఇడి. ఆవిడ ఇంటర్ చదివి ట్రైనింగ్ చేసిన మనిషి. ఆ తేడా జీతంలో కనిపించేది, పిల్లల ముఖాల్లో మాత్రం కనిపించేది కాదు.

చుట్టుపక్కల ఇళ్ళకు మొజాయిక్ పలకలు కోసేవాళ్ళు పారేసిన ముక్కలన్నీ ఆవిడ చీరకొంగులో మూటగట్టి తెచ్చేవారు. అంచులు పిల్లల చేతులకు గుచ్చుకోకుండా రాతి మీద అరగదీసేవారు. నేల మీద సుద్దతో ఒక చదరం గీసి, "గీ ఆరు ముక్కలతోటి దీన్ని నింపుండ్రి. సందు ఉండొద్దు, ముక్క మిగలొద్దు" అని చెప్పి పక్కకు తప్పుకొనేవారు. మరోరోజు అగ్గిపుల్లలు. పన్నెండు పుల్లలతో నాలుగు గళ్ళు పేర్చి, మూడు పుల్లలు జరిపి మూడు గళ్ళు చెయ్యమనేవారు. ఒక్కోసారి పావుగంటసేపు ఆ గదిలో మాట వినిపించేది కాదు. నలభైమంది పిల్లలు కుక్కిన పేనుల్లా కూర్చొనేవారు. నా గదిలో అలాంటి నిశ్శబ్దం కోసం నేను బెత్తం ఎత్తాల్సి వచ్చేది.

ఎవరికైనా జవాబు తట్టి కేక వేస్తే ఆవిడ వేలు చూపించేవారు. "దొరికినోళ్ళు నోరు మూసుకోండ్రి. దొరకనోళ్ళ సంబురం చెడగొట్టకుండ్రి." ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. దొరకనివాళ్ళకు సంబరమేమిటి అనుకొనేదాన్ని అప్పట్లో.

టీచర్ల పిల్లలు సొంత తల్లి క్లాసులో కూర్చోకూడదని మా కరస్పాండెంట్ నియమం పెట్టాడు. అందుకని మా అమ్మాయి బి సెక్షన్‌లో పడింది. ఇంటికి వచ్చి అన్నం కంచం పక్కన కంది పుల్లలు పేర్చుకొనేది. ఒకరోజు పద్నాలుగో ఎక్కం అప్పజెప్పమంటే, "ఎక్కం రాకపోతే బొమ్మ గీసుకోవచ్చు. మా టీచర్ చెప్పారు" అంది. దాని వీపు మీద ఒకటి వేశాను. ఆ దెబ్బ దానికి కాదు.

కొన్నాళ్ళకు ఒక తండ్రి ఏదో పనిమీద బడికి వచ్చి, పిల్లలు నేల మీద పలకముక్కలతో ఆడుకోవడం చూసి కరస్పాండెంట్ మీద విరుచుకుపడ్డాడు. సాయంత్రం మీటింగ్ పెట్టారు. కరస్పాండెంట్ నా వైపు తిరిగి, "మేడం, మీరు పెద్ద చదువు చదివారు. మీరేమంటారు?" అని అడిగాడు.

ఆవిడ నా పక్క కుర్చీలోనే ఉన్నారు. నేను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఆటలతో లెక్కలు రావు సార్. కావాలంటే రెండు సెక్షన్లకీ ఒకే పరీక్ష పెట్టి చూడండి."

పెట్టారు. కూడికలు, తీసివేతలు, ఎక్కాలు. నా పిల్లలు ఆవిడ పిల్లల్ని చిత్తుగా ఓడించారు. బి సెక్షన్‌లో అందరికంటే తక్కువ మార్కులు వచ్చినవాళ్ళలో మా అమ్మాయి ఒకతి. ఆవిడ్ని మర్నాటి నుంచి ఒకటో తరగతికి మార్చారు, ముక్కల మూట గేటు బయట పోయించారు. మా అమ్మాయి నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. గెలిచినదాన్ని నేను. ఆ నాలుగు రోజులు నాకు అన్నం రుచించలేదు.

జూన్‌లో నాకు నాలుగో తరగతి ఇచ్చారు, రెండు సెక్షన్లూ కలిపి. నాలుగో తరగతికి నేనొక్కదాన్నే కాబట్టి నియమం సడలించారు, మా అమ్మాయీ నా ముందే కూర్చుంది. భిన్నాలు మొదలయ్యాయి. అరకు మూడోవంతు కలపమన్నాను. ఎక్కాల్లో మెరికల్లాంటి నా పాత పిల్లలు వరసగా అయిదింట రెండు అని రాశారు. పైనవి పైన, కిందవి కింద కూడేశారు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. అప్పుడు మా అమ్మాయి లేచి, అడగకుండానే బోర్డు దగ్గరికి వచ్చింది. ఆరు గళ్ళ పెట్టె గీసింది. "సగమంటే మూడు గళ్ళు. మూడోవంతంటే రెండు గళ్ళు. అయిదు నిండాయి, ఒకటి ఖాళీ. ఆరింట అయిదు." చేతులు దులుపుకొని వెళ్ళి కూర్చుంది. బి సెక్షన్ నుంచి వచ్చిన పిల్లలంతా, ఇందులో ఏముంది అన్నట్టు చూశారు.

పరీక్షలో మేము అడిగింది ఒకటి, ఆవిడ నేర్పింది ఒకటి. అది తెలిశాక నా అసూయ తగ్గాలి. రెట్టింపయింది.

వారం రోజులు నాతో నేను పోట్లాడి, ఒక మధ్యాహ్నం ఒకటో తరగతి గదికి వెళ్ళాను. ఆవిడ టిఫిన్ డబ్బా విప్పుతున్నారు. "భిన్నాలు మీరెలా చెబుతారో నాకు నేర్పాలి" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, పిల్లల బల్ల మీద కూర్చోబెట్టారు. ముందు అగ్గిపుల్లలు పేర్చారు. "గిది చేయుండ్రి. అయినంక మాట్లాడుదాం."

నాకు రాలేదు. మర్నాడూ రాలేదు. జవాబు చెప్పమంటే ఆవిడ చెప్పలేదు. మూడోరోజు రెండు పుల్లలు జరపగానే గళ్ళు కళ్ళముందు విడిపోయాయి. నా నోట్లోంచి పిల్లల కేకలాంటిదే వచ్చింది. ఆవిడ పగలబడి నవ్వారు.

"నా మీద మీకు కోపం లేదా?" అని అడిగాను.

"ఎందుకు లేదు మేడం? శానా ఉన్నది" అన్నారు. అగ్గిపుల్లలు పెట్టెలోకి ఏరుతూ, "మీ క్లాసు ఎక్కాలు చదువుతుంటే నాకు కడుపు మండేది తెలుసా? నాకు పదమూడో ఎక్కం ఇప్పటికీ సక్కగ రాదు. చిన్నప్పుడు గదానికే సార్ నన్ను ఎండల నిలబెట్టిండు. గందుకే బొమ్మలు పట్టుకున్న."

నాలాంటిదాన్ని చూసి కూడా ఒకరు కుళ్ళుకుంటారని నాకు అప్పటిదాకా తెలియదు. ఎంత తృప్తి కలిగిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గు. ఆ నెల నేను ఆవిడకు పదమూడో ఎక్కం చెప్పాను, ఆవిడ నాకు గళ్ళు గీయడం చెప్పారు.

ఇక్కడితో కథ మంచిగా ముగిస్తే బాగుండేది. ఆ ఏడాది చివర స్కూల్ డే రోజు కరస్పాండెంట్ స్టేజీ మీద నా పేరు పిలిచి, నాలుగో తరగతిలో బొమ్మలతో లెక్కలు చెప్పే కొత్త పద్ధతి నేనే తెచ్చానని శాలువా కప్పాడు. మైకు నా ముందే ఉంది. నేను నమస్కారం పెట్టి దిగిపోయాను. ఆవిడ మూడో వరసలో కూర్చొని చప్పట్లు కొట్టారు.

పది రోజుల తరవాత వెళ్ళి కరస్పాండెంట్‌కి నిజం చెప్పాను. ఒక్క వాక్యం, దానికి పది రోజులు. మళ్ళీ జూన్‌లో ఆవిడకు మూడో తరగతి తిరిగి వచ్చింది. శాలువా తీసుకెళ్ళి ఇస్తే, "ఎండకాలంల నాకెందుకు మేడం ఇది?" అని వెనక్కి నెట్టారు. "పది దినాలకైనా చెప్పిండ్రు గద. కొందరు చెప్పనే చెప్పరు" అన్నారు.

తరవాత పద్దెనిమిదేళ్ళు పక్కపక్క గదుల్లో పనిచేశాం. స్నేహితులమయ్యాం. అయినా పాత పిల్లలు బడికి వస్తే ముందు ఆవిడ గది వైపే తిరిగేవారు, నేను పుస్తకంలో తల దూర్చేదాన్ని. నేను చెప్పిన లెక్కల్లో మంచివన్నీ ఆవిడ దగ్గర తెచ్చుకున్నవే. ఆవిడకు సరిగ్గా కృతజ్ఞత చెప్పానో లేదో గుర్తులేదు. ఇప్పుడు చెబుతున్నాను.

మొన్న సరూర్‌నగర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. చెరువు వైపు సందులో ఇల్లు. లోపల కూర్చోవడానికి చోటు లేదు. నెరిసిన తలలవాళ్ళు కూడా చిన్నపిల్లల్లా గోడకు ఆనుకొని నిలబడ్డారు. నన్ను చూసి ఇద్దరు ముగ్గురు "మీరు ఎ సెక్షన్ మేడం కదా" అన్నారు. అవునన్నాను.

బయటికి వచ్చేసరికి నా చెప్పులు కనిపించలేదు. గుమ్మం నుంచి గేటు దాకా, గేటు దాటి పక్కింటి గోడ దాకా చెప్పులే. బాటా చెప్పులు, బూట్లు, హవాయి చెప్పులు, ఒకదాని మీద ఒకటి. నేను పోయిన రోజు మా గుమ్మంలో ఎన్ని జతలుంటాయో అన్న ఆలోచన వచ్చింది. వద్దనుకున్నా వచ్చింది. ఒంగి ఆ కుప్పలో వెతుకుతున్నాను. కింద సిమెంటు కాలుతోంది, ఒక కాలు మీద ఒక కాలు వేసుకొని నిలబడ్డాను. అంతలో ఆటో వచ్చి ఆగింది. నలుగురు దిగి, నా ముందే ఆ కుప్ప మీద చెప్పులు విడిచి లోపలికి వెళ్ళారు.