రైలును ఆపిన హీరో మీద ఎంక్వైరీ

నిజామాబాద్‌లో పొద్దున్నే రైలెక్కాను, ఒక బొమ్మల పుస్తకం కోసం. అందులో మెడకు ఎర్ర గుడ్డ కట్టుకున్న హీరో ఒకడు, తెగిన వంతెన వైపు దూసుకొస్తున్న రైలుకు ఎదురుగా పట్టాల మీద నిలబడతాడు. చిన్నప్పుడు నా దగ్గరున్న పుస్తకంలో ఆ తర్వాతి పేజీ, అంటే చివరి పేజీ, చినిగిపోయింది. ఏమైందో ఇన్నేళ్లూ తెలియలేదు. చినగని పుస్తకం నాందేడ్‌లో రాజన్న అనే రిటైరైన రైలు డ్రైవర్ దగ్గర ఉందని విన్నాను. ఎంతడిగితే అంత ఇచ్చి తెచ్చుకోవాలని బయలుదేరాను.

పక్క సీట్లో ధర్మాబాద్ మిర్చి వ్యాపారి. "నాందేడ్ల ఏం పని?" అన్నాడు. చెప్పాను.

"పిల్లలకా?"

"నాకే."

ఆయన తన సంచిని కాళ్ల దగ్గరకు లాక్కున్నాడు.

పదకొండింటికి దిగి, స్టేషన్ బయట పోహా తిని, ఆటోలో రాజన్న ఇల్లు చేరాను. వరండాలో ఆయన, మరో ఇద్దరు రిటైరైన రైల్వేవాళ్లు పుస్తకం చుట్టూ కూర్చున్నారు. చేయి చాపబోతే వాళ్లలో గార్డుగా చేసిన విఠల్‌రావు అడ్డుకున్నాడు.

"ముట్టకుండ్రి సాబ్. ఎంక్వైరీ నడుస్తున్నది."

దారి మధ్యలో బండి ఆగితే ఎంక్వైరీ చేయకుండా వీళ్లు ఏనాడూ ఊరుకోలేదట. హీరో అయితే మాత్రం వదులుతారా?

"లాల్ ఝండీ చూపియ్యలే. గట్లనే అడ్డం నిలబడ్డడు" అన్నాడు గార్డు.

"ఎర్రగుడ్డ మెడలనే ఉన్నది గద!" అన్నాను.

"మెడల ఉంటే సరిపోదు. చేతుల పట్టాలె."

నాకు ఒళ్లు మండింది. బొమ్మ మీద వేలు పెట్టి వాదించాను. చిత్రకారుడు ఇంజన్‌కు నలుపు, ఆకాశానికి పసుపు వేసి, ఎరుపును ఆ ఒక్క గుడ్డకే దాచాడు. గాలికి లేచిన ఆ గుడ్డ గడి గీత దాటి పక్క గడిలోకి కూడా ఎగిరింది. డ్రైవర్‌కు కనపడకుండా ఎట్లా పోతుంది?

రిటైరైన స్టేషన్ మాస్టరు కళ్లద్దాలు తుడుచుకుని తీర్పు చెప్పాడు. బండి ఆపడం తప్పు కాదు. పట్టాల మీదికి పోవడం మాత్రం తప్పే, అందరికీ చాయ్ జరిమానా. హీరో దుస్తులకు జేబు లేదు కనుక నేనే కట్టాను.

అప్పుడు చివరి పేజీ తిప్పారు. పేజీ మొత్తం ఒకే బొమ్మ, ఒక్క మాట లేదు. ఇంజన్ ఆగి ఉంది. దాని ముక్కుకూ హీరో ఛాతీకీ మధ్య బెత్తెడు జాగా. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ధర ఎంతని అడిగాను.

రాజన్న పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇయ్య సాబ్. నా సర్వీసుల బండి ముంగట మస్తుమంది నిలబడ్డరు. హారన్ కొట్టిన, బ్రేక్ గుంజిన. బతికినోడు గీ ఒక్కడే."

మళ్లీ ధర అడగలేదు.

నాందేడ్ పోయేవాళ్లు ఆ పుస్తకాన్ని చూసి రావచ్చు, కొనలేరు. చాయ్ డబ్బులు మాత్రం దగ్గరుంచుకోండి.

సాయంత్రం తిరుగు రైలు ముద్ఖేడ్ దాటాక చేల మధ్య కీచుమని ఆగింది. ఎదురు సీటాయన డ్రైవర్‌ను తిట్టడం మొదలుపెట్టాడు.

"తిట్టకుండ్రి" అన్నాను. "ఆగింది గద, మంచిదే."