ఒక విద్యార్థి పేజీలో నేను రాసిన మాట

నౌపడ రైల్వే స్టేషన్లో గూడ్సు గుమాస్తాగా రిటైరైన వారం నుంచే నేను టెక్కలి వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడి కాలేజీల్లో చదివే కుర్రాళ్లకు క్రీస్తు గురించి చెప్పాలని నా కోరిక. మీటింగులు పెట్టలేదు, కరపత్రాలు పంచలేదు. పదిమందిలో ఉన్న కుర్రాడు ఆ పదిమంది కోసం మాట్లాడతాడు. ఒక్కడే ఉంటే తన కోసం అడుగుతాడు. అందుకని ఒకసారికి ఒక్కరే, వారానికి ఒక గంట. ముందు ఇష్టమేనా అని అడిగేవాణ్ణి. కాదంటే టీ తాగి లేచి వచ్చేసేవాణ్ణి. సరేనంటే టీ బడ్డీ వెనక బెంచీ మీద కూర్చుని సువార్తలో కొంత భాగం అతనే పైకి చదివేవాడు. తర్వాత అతను అడగాలి, నేను చెప్పాలి.

డైరీ రాయడం నాకు పెళ్లికి ముందు నుంచీ ఉన్న అలవాటు. ఇంటికి వచ్చాక ఒక్కొక్కరికి ఒక్కో పేజీ పెట్టి, అందులో ఆ రోజు చదివిన భాగం, అతను అడిగిన ప్రశ్న రాసుకునేవాణ్ణి. నా జవాబు రాసేవాణ్ణి కాదు. జవాబులు నాకు తెలుసు, ప్రశ్నలే మరిచిపోతాను. కింద గీత గీసి, ప్రార్థనలో గుర్తుంచుకోవలసిన సంగతులు రాసేవాణ్ణి.

ఆ ఏడు వచ్చినవాళ్లలో కవిటి దగ్గరి పల్లె నుంచి ఒక డిగ్రీ కుర్రాడు ఉన్నాడు. టెక్కలిలో రూము తీసుకుని చదువుతున్నాడు. వాళ్లది కొబ్బరి, జీడి తోటలున్న హిందూ రైతు కుటుంబం. ప్రశ్నలు సూటిగా అడిగేవాడు. దేవుడు ఒక్కడే అయితే ఇన్నేళ్లూ మా అమ్మ మొక్కిన మొక్కులు ఎవరికి చేరాయి అని ఒక వారం అడిగాడు. ఐదో వారం, తండ్రికి కిడ్నీలు చెడిపోయాయని, మంగళ, శుక్రవారాల్లో పలాసలో డయాలసిస్‌కు తనే తీసుకువెళ్తున్నానని చెప్పాడు. కవిటి చుట్టుపక్కల ఉద్దానం పల్లెల్లో ఆ జబ్బు మాట వినని ఇల్లు తక్కువ.

కొద్ది రోజులకు నా కంటికి శుక్లం ఆపరేషను అయింది. కొన్నాళ్లు రాయవద్దన్నారు. నా పద్ధతి ఆగకూడదని డైరీని టెక్కలి పట్టుకెళ్లాను. అతని పేజీ తీసి చేతికిచ్చి, ఈ రోజు ప్రశ్న నువ్వే రాయమన్నాను. నా డైరీ ఇంకొకరి చేతికి ఇవ్వడం అదే మొదటిసారి. అందులో తప్పు రాశానని తోచి ఉంటే ఇచ్చేవాణ్ణే కాదు. తోచకపోవడమే అసలు తప్పు.

అతను రాయలేదు. గీత కింద ఉన్నది చదివాడు. "తండ్రికి డయాలసిస్. మనసు మెత్తబడి ఉంది. ఇప్పుడు వెనకాడకూడదు."

"మా నాన్న మంచాన పడ్డం మీకు కలిసొచ్చిందన్నమాట," అన్నాడు. గొంతు పెంచలేదు.

అది ప్రార్థన కోసం రాసుకున్నదని చెప్పాను.

"పార్థనకైతే బాగవ్వాల అని రాత్తారు తాతగారూ. అదెక్కడుందో సూపించండి."

వెతకనక్కర్లేదు. నేను రాయలేదని నాకు తెలుసు. అతను డైరీ మూసి బెంచీ మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఇంకా ఎంతోమంది కుర్రాళ్లున్నారు, ఆ ఒక్కణ్ణీ వదిలెయ్యమంది నా భార్య. నేను వదలదలచుకోలేదు. క్రీస్తు రోగుల దగ్గరకు వెళ్లాడు గాని, రోగాన్ని వాడుకోలేదు. ఆ తేడాను నేనే చెరిపేసి, క్రైస్తవమంటే ఇదేనని ఆ కుర్రాడికి చూపించాను. అతను నన్ను కాదనుకోవచ్చు. నా మూలంగా క్రీస్తునే కాదనుకుంటే మాత్రం ఆ భారం నాది.

మంగళవారం పలాస బస్సెక్కాను. సువార్త, డైరీ రెండూ ఇంట్లోనే పెట్టాను. ఆసుపత్రిలో డయాలసిస్ వార్డు బయట కుర్రాడు నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. మీ నాన్నను చూడనిస్తావా అని అడిగితే పక్కకు జరిగాడు.

తండ్రికి అన్నీ చెప్పే ఉన్నాడు. ఆయన గొట్టాల మధ్య నుంచే నవ్వాడు. "మావోడి మతం మార్సడానికొచ్చినోరు మీరేనా? ముందు ఈ మిషను మార్పించండి బావూ, దీని సప్పుడుకి నిద్దర పట్టదు." స్టూలు చూపించి కూర్చోమన్నాడు. మిషను ఆగేదాకా తోట సంగతులే చెప్పాడు. కిడ్నీ జబ్బుకు పడవని, తన చెట్టు బొండం నీళ్లు తనే తాగకూడదన్నారట డాక్టర్లు. "మీరొచ్చి తాగండి, నాను సూత్తాను," అన్నాడు.

శుక్రవారం మళ్లీ వెళ్లాను. ఆ పై మంగళవారం, ఆ పై శుక్రవారం, వానకు రోడ్డు మీద నీళ్లు నిలిచిన రోజు కూడా వెళ్లాను. నేనెవరో దాచలేదు గాని, నా అంతట నేను దేవుడి మాట ఎత్తలేదు. నేను మంచం దగ్గర ఉంటాను, నువ్వు క్లాసుకు వెళ్లు అంటే కుర్రాడు మొదట ఒప్పుకోలేదు. పరీక్షలు దగ్గరపడ్డాక తండ్రి గట్టిగా చెబితే ఒప్పుకున్నాడు.

పరీక్షలయ్యాక ఒక శుక్రవారం, మిషను మీద ఉండగానే తండ్రికి బీపీ పడిపోయింది. ఒళ్లంతా చెమటలు. నర్సు వచ్చి చూసుకుంది. తేరుకున్నాక ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"బావూ, నాకోసం మీ దేవుణ్ణి ఏటైనా అడుగుతారా?"

కుర్రాడు మంచం అవతల నిలబడి ఉన్నాడు. నేను అతని వైపు చూశాను.

"ఆయన అడిగితే నన్ను సూత్తారేటి?" అన్నాడు. తండ్రి మొహం తుడిచి, "సెయ్యండి. బాగవ్వాల అని మాత్రవే సెయ్యండి," అన్నాడు.

అంతే చేశాను. రెండు వాక్యాలు. మూడోది నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను.

వరండాలోకి వచ్చాక కుర్రాడు అడిగాడు. "బాగవకపోతే అప్పుడేటంటారు?"

ఇన్ని నెలల్లో అతను అడిగిన వాటిలో కష్టమైన ప్రశ్న ఇదే. దేవుడు మంచివాడని నేను ఆ రోజు కూడా నమ్ముతానని చెప్పాను. నిన్ను నమ్మమని ఆ రోజు అడగను, వచ్చి నీ పక్కన కూర్చుంటాను అన్నాను.

అప్పుడతను, వచ్చే మంగళవారం నుంచి నాన్న డయాలసిస్ షిఫ్టు ఉదయం ఆరింటికి మార్చారని చెప్పాడు. మా ఊరి నుంచి పలాసకు ఆ వేళకు చేరే బస్సు లేదు. సాయంత్రం ఇంటికి రాగానే మా వీధి ఆటో అతన్ని కలిసి, మంగళవారం తెల్లవారి ఐదింటికి రమ్మని చెప్పాను.