వదిన కళ్ళ కాటుక

మొన్న సాయంత్రం మా మనవరాలు అద్దం ముందు కూర్చుని, కంటి కొసలు ఇంకా పక్కకి సాగినట్టు కనబడేలా నల్లగీత దిద్దుకుంటుంటే గుమ్మంలోనే ఆగిపోయాను. కొరియా సీరియళ్ళలో అమ్మాయిల కళ్ళు అలాగే ఉంటాయట, కాలేజీలో ఇప్పుడందరికీ అదే మోజట. మా చిన్నతనంలో, బెంగాలీవాళ్ళ ఊళ్ళో ఓడరేవు పక్కనుండే వాట్‌గంజ్‌లో మేమున్న ఇంట్లో, సరిగ్గా అలాంటి కళ్ళనే కాటుకతో దాచాల్సి వచ్చింది.

మా మేనత్త, ఓడల్లో చెక్కపని చేసే ఒక చైనా వడ్రంగిని పెళ్ళి చేసుకుని మాకు రెండు సందుల అవతల కాపురముండేది. ఆ మావయ్య ఇక్కడే పుట్టినవాడు, బెంగాలీ మాకంటే బాగా మాట్లాడేవాడు, అత్త దగ్గర నేర్చుకున్న తెలుగులో నన్ను ఏడిపించేవాడు కూడా. అయినా మా నాయనమ్మ ఆ ఇంటి గడప తొక్కలేదు, అక్కడ మంచినీళ్ళు ముట్టలేదు. వాళ్ళమ్మాయి నాకంటే ఏడాది పెద్ద. వదినా అని పిలిస్తే ఎక్కడలేని పెద్దరికం తెచ్చుకునేది, నవ్విందంటే కళ్ళు రెండూ మాయమైపోయేవి.

చైనాతో యుద్ధం వచ్చిన ఏడాది, మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, జనం గుసగుసగా మాట్లాడుకోవడం మొదలెట్టారు. మావయ్యతో రోజూ టీ తాగేవాళ్ళు దుకాణం మార్చేశారు. మఫ్టీలో మనుషులొచ్చి ఏ ఇంట్లో ఎవరున్నారో అడిగి వెళ్ళేవారు. ఒకరోజు పొద్దున్నే మావయ్యని తీసుకుపోయారు, ఎక్కడికో చెప్పలేదు. ఆ మధ్యాహ్నమే మేనత్త కూతుర్ని వెంటబెట్టుకుని మా గుమ్మంలో నిలబడింది.

అంత పంతం పట్టిన నాయనమ్మే ఆ పిల్లని లోపలికి లాక్కుంది. తలకి నూనె పెట్టి రెండు జడలు వేసి, నా పరికిణీ కట్టి, బొట్టు పెట్టి, కళ్ళు గుండ్రంగా కనబడేలా మధ్యలో దట్టంగా కాటుక దిద్ది కొసలు వదిలేసింది. ఎవరడిగినా మా పెదనాన్న కూతురినని చెప్పమని వల్లె వేయించింది. ఆఖరికి గడ్డం పట్టుకుని, "నవ్వకే తల్లీ, నవ్వితే కళ్ళు సిన్నవైపోతన్నాయి," అంది. ఆ రోజునుంచి వదిన నవ్వలేదు, ఆమెని చూసి నాకూ నవ్వాలంటే భయం వేసేది. తలుపు చప్పుడైతే చాలు, మేనత్త వంటింటి మూలకి వెళ్ళిపోయేది.

చివరికి మా తలుపూ తట్టారు. వచ్చినాయన నెమ్మదస్థుడే, ఇద్దరూ మీ మనవరాళ్ళేనా అని బెంగాలీలో అడిగాడు, నాయనమ్మ తొణక్కుండా అవునంది, ఆయన నమ్మి వెనక్కి తిరిగాడు. గండం గడిచిందని నేననుకునేలోగా వదిన లేచి, పరికిణీ అంచుతో కళ్ళు రెండూ గట్టిగా తుడిచేసుకుంది.

"నాను మా నాన్న కాడికి ఎల్తానమ్మమ్మా," అంది. అదే మాట బెంగాలీలో ఆయనకీ చెప్పింది.

నాయనమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వదల్లేదు. మేనత్త వంటింట్లోంచి వచ్చి, ఆ ముసలి వేళ్ళని మెల్లిగా విడదీసి, కూతుర్ని తీసుకుని ఆయన వెంట వెళ్ళిపోయింది. ముగ్గుర్నీ ఎక్కడో ఎడారిలో ఒక శిబిరంలో ఉంచారనీ, ఆ తర్వాత చైనా పోయే ఓడ ఎక్కించారనీ విన్నాం, అంతే. నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ మా ఇంట్లో మళ్ళీ కాటుక పట్టలేదు.

అప్పుడు మేము చెరిపెయ్యాలని చూసిన కళ్ళే ఇప్పటి పిల్లలు ముచ్చటపడి దిద్దుకుంటున్నారు, కాలం మారిందని సంతోషించాలి. కానీ మనవరాలు నావైపు తిరిగి, బాగుందా అని నవ్వుతూ అడిగితే, కడిగేసుకో అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేసుకుని బాగుందన్నాను. ఆ పిల్ల వీధిలోకి దిగి మలుపు తిరిగేదాకా, ఎవరెవరు తలెత్తి చూస్తున్నారోనని వరండాలోనే నిలబడ్డాను.